కొండ నదిలో ర్యాఫ్టింగ్ – 3వ పాఠం: ఒడ్డున నిలబడి నీటిని చదవడం

గత పాఠంలో తెడ్డు పట్టుకోవడం, ర్యాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) అంచు మీద కూర్చునే తీరు, గైడ్ వేసే కేకలు చూశాం. ఫార్వర్డ్ అంటే ముందుకు తెడ్డు వేయాలని మీకిప్పుడు తెలుసు. ఆ కేక ఎప్పుడు రాబోతోందో ముందే పసిగట్టడం ఈ పాఠం.

"గైడ్ ఉన్నాడు కదా, నీళ్ళ సంగతి ఆయన చూసుకుంటాడులే" అనుకోవచ్చు. రిషికేశ్ దగ్గర శివపురి నుంచి దిగే 16 కిలోమీటర్ల సరదా ప్రయాణానికి ఆ ధీమా సరిపోతుంది. లదాఖ్‌లో పదుమ్ నుంచి నిమ్ము దాకా జంస్కార్ నది మీద పోయే యాత్రకు సరిపోదు. అక్కడ రోజుల తరబడి రెండు పక్కలా నిట్టనిలువు కొండలే. పిలిస్తే పలికే దూరంలో సాయం ఉండదు. గైడ్ వెనక కూర్చుని దిశ తిప్పుతాడు గానీ, ర్యాఫ్ట్‌ను ముందుకు నెట్టే బలం ముందున్న ఆరుగురి చేతుల్లోనే ఉంటుంది. కేక విన్నాక ఆలోచించేవాళ్ళు ఒక తెడ్డు వేటు వెనకబడతారు. రాయిని తప్పించుకోవడానికి చాలాసార్లు కావలసింది ఆ ఒక్క వేటే.

ఈ పాఠానికి హిమాలయాలు అక్కర్లేదు. వానాకాలంలో కర్నూలు చాలు. ఒక్క షరతు: చూడటమే, దిగడం లేదు. ఈ పాఠంలో మోకాలు కూడా తడవకూడదు.

స్తంభాల దగ్గర మొదలు

ఎగువ నుంచి వరద వచ్చి సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కర్నూలు దగ్గర తుంగభద్ర నిండుగా పారుతుంది. రైలింగ్ ఉన్న ఎత్తైన చోటు చూసుకుని వంతెన స్తంభాల వైపు ఒక పావుగంట కదలకుండా చూడండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. వీడియో తీస్తే నది మొత్తం కనిపిస్తుంది, నీరు ఏం చేస్తోందో కనిపించదు.

స్తంభానికి ఎగువ వైపున నీరు గుద్దుకుని ఉబ్బుతుంది. గైడ్లు దాన్ని పిల్లో అంటారు. కొండ నదిలో నీటి మీదికి తేలిన ప్రతి బండకూ ఇది ఉంటుంది. పిల్లో ఉందంటే నీరు బండను తాకి పక్కలకు తిరిగిపోతోందన్నమాట. ర్యాఫ్ట్‌ను కూడా కొంతవరకు పక్కకు నెడుతుంది. నిజంగా భయపడాల్సింది పిల్లో లేని బండకు. నీరంతా వచ్చి తగులుతున్నా ఉబ్బు లేదు, నురగ లేదు అంటే బండ కింద బోలుగా ఉండి నీరు అందులోకి దూరిపోతుండవచ్చు. పైకి నెమ్మదిగా కనిపించే అలాంటి చోటు చూసి గైడ్ ఎందుకు అంత దూరం జరుపుతున్నాడో కొత్తవాళ్ళకు అర్థం కాదు.

పిల్లో మీదికి ర్యాఫ్ట్ అడ్డంగా వెళ్ళి బండకు ఆనుకుంటే గైడ్ హై సైడ్ అని అరుస్తాడు. మన ఒళ్ళు సహజంగా బండకు దూరంగా జరగాలనుకుంటుంది. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: అందరూ బండ వైపు అంచు మీదికే ఎగబాకాలి. ఎగువ అంచు మీద బరువు పడితే నీరు ఆ అంచును లోపలికి నొక్కేస్తుంది, ర్యాఫ్ట్ బండకు చుట్టుకుపోతుంది, లేదా తిరగబడుతుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని, గోడను బండ అనుకుని, ఇంకొకరి చేత కేక వేయించుకుని సాధన చేయండి. నవ్వులాటగానే ఉంటుంది, కానీ ఈ కదలిక ఆలోచించి చేసేది కాదు, ఒంటికి అలవాటు కావాలి.

ఇప్పుడు స్తంభానికి దిగువ వైపు చూడండి. అక్కడ నీరు నది పోయే వైపు పోకుండా వెనక్కి, స్తంభం వైపే వస్తుంటుంది. పక్కల నుంచి ఉరవడిగా పోయే నీరు స్తంభం వెనక కొంచెం పల్లం చేస్తుంది. ఆ పల్లాన్ని నింపడానికి దిగువ నీరు వెనక్కి మళ్ళుతుంది. ఇదే ఎడ్డీ. నదిలో మీరు ఆగగలిగే చోటు ఇదొక్కటే. ఊపిరి తీసుకోవడానికీ, వెనక వచ్చే ర్యాఫ్ట్ కోసం చూడటానికీ, నీళ్ళలో పడ్డ మనిషిని లాక్కోవడానికీ గైడ్లు ఎడ్డీ నుంచి ఎడ్డీకి పోతుంటారు.

ఎడ్డీకీ పారే నీటికీ మధ్య ఒక గీత ఉంటుంది. చిన్న చిన్న సుడులు వరసగా పుట్టి మాయమవుతుంటాయి. ర్యాఫ్ట్ ఆ గీత దాటేటప్పుడు ముక్కు వెనక్కి పారే నీటిలో, తోక ముందుకు పారే నీటిలో ఉంటాయి కాబట్టి గిర్రున తిరుగుతుంది. వేగంగా దాటితే ఎడ్డీ లోపలికి చేరతారు, మెల్లగా వెళితే గీతే మిమ్మల్ని బయటికి తోసేస్తుంది. ఎదురుగా నిశ్చలంగా ఉన్న నీరు కనబడగానే "వచ్చేశాం" అని తెడ్డు ఆపేయడం కొత్తవాళ్ళ అలవాటు. గైడ్ గట్టిగా ఫార్వర్డ్ అని అరిచేది సరిగ్గా అప్పుడే.

హంద్రీ కూడా పారుతున్న రోజైతే అది తుంగభద్రలో కలిసే చోట ఇలాంటి గీతే ఇంకా పొడుగ్గా దొరకవచ్చు. ఉత్తరాఖండ్‌లో దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి కలిసే చోట రెండు నీళ్ళ రంగులు వేరుగా ఉన్న రోజు ఆ గీత కొండ మీది రోడ్డు నుంచి కూడా తెలుస్తుంది.

రెండు రకాల 'వి'లు

ఇది నిమిషంలో వచ్చేస్తుంది. రెండు బండల మధ్య నుంచి నున్నగా, నల్లగా జారే నీరు ఇంగ్లిషు వి ఆకారంలో, కొన దిగువకు ఉండేలా కనిపిస్తే అది దారి. కొన ఎగువకు ఉంటే ఆ కొన దగ్గరే రాయి ఉంది. నీటి పైకి రాయి కనిపించకపోయినా సరే. దారి వి కొన తర్వాత సాధారణంగా నిలిచిన అలలు వరసగా ఉంటాయి. సముద్రపు అల కదిలి వస్తుంది, ఇవి ఉన్నచోటే ఉంటాయి, నీరు వాటిలోంచి పోతుంది. శివపురి కింద రోలర్ కోస్టర్ అని పిలిచే చోట ఇవే పెద్దవి. వీటికి భయపడక్కర్లేదు, ముక్కు నేరుగా పెట్టి తెడ్డు ఆపకుండా వేస్తే చాలు, పక్కకు తిరిగితేనే గొడవ.

ఆనకట్ట కింద నురగ

ఇక్కడ తొందరపడకండి. ఈ పాఠంలో ప్రాణానికి సంబంధించిన భాగం ఇదే.

మునిగి ఉన్న బండ మీదుగా నీరు పొర్లి కిందికి దూకితే, ఆ పడిన చోట పైనీరు దిగువకు పోకుండా వెనక్కి తిరిగి మళ్ళీ బండ మొదట్లోకే వస్తుంది. గైడ్లు దీన్ని హోల్ అంటారు. తేలే వస్తువు అందులో చిక్కితే అక్కడే దొర్లుతుంటుంది. ఎగువ నుంచి వచ్చేవాళ్ళకు నురగ కనిపించదు. నున్నటి మూపు, దాని వెనక నీటి గీత తెగిపోయినట్టు ఉంటుంది. నది ఉన్నట్టుండి అంచుకు వచ్చి ఆగినట్టు కనిపిస్తే మంచి గైడ్ ముందే ఒడ్డుకు చేర్చి, దిగి వెళ్ళి చూసి వస్తాడు. దానివల్ల ఆలస్యం అవుతోందని విసుక్కునే బృందంతో నేనైతే పోను.

హోల్ చివర్లు దిగువకు వంగి ఉంటే చిక్కిన వస్తువును పక్కలకు తోసేస్తుంది. చివర్లు ఎగువకు వంగి ఉంటే మధ్యకే లాక్కుంటుంది. అన్నిటికంటే చెడ్డది ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా, రెండు పక్కలా గోడలతో ఉండేది. అంటే మన ఆనకట్ట. నీరు పొర్లుతున్న ఆనకట్ట కింద తెల్లటి నురగ, అందులో అటూఇటూ దొర్లుతూ బయటికి పోని కొయ్యముక్కో సీసానో చాలామందే చూసి ఉంటారు. చూడటానికి నడుములోతు నీళ్ళలా ఉండే ఆ చోట గజ ఈతగాళ్ళు కూడా బయటపడలేరు. హిమాలయ గైడ్ గోడలాంటి హోల్‌కు ఎందుకు దండం పెట్టి ర్యాఫ్ట్‌ను ఒడ్డు వెంట మోయిస్తాడో అర్థం కావాలంటే, దూరం నుంచి ఆ దొర్లే కొయ్యముక్కను చూస్తే చాలు.

వంపులు, కంపలు

నది వంపు తిరిగే చోట బయటి వైపు లోతు, వేగం. లోపలి వైపు ఇసుక. పెన్న పక్కన పెరిగినవాళ్ళకు ఇసుక ఏ వైపు మేట వేస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. బయటి వైపు ఇంకో ప్రమాదం ఉంటుంది: ఒడ్డు కోసుకుపోయి పడిన చెట్లు. కొమ్మల్లోంచి నీరు పోతుంది, మనిషి పోడు, జల్లెడలో రాయిలా ఆగిపోతాడు. మన వంకల్లో వరద తర్వాత తుమ్మ కంపలకు పట్టుకున్న చెత్త చూడండి. అందుకే వంపు రాకముందే గైడ్ ర్యాఫ్ట్ ముక్కును లోపలి ఒడ్డు వైపు వాలుగా తిప్పి తెడ్లు వేయిస్తాడు. నదిని అడ్డంగా దాటాలనుకునే పుట్టి వాళ్ళు ముందు ఒడ్డు వెంబడి ఎగువకు పోయి, తర్వాత వాలుగా వదలడంలో ఉన్న లెక్క కూడా ఇదే: నీటితో పోట్లాడకుండా, అది తోసే దూరాన్ని ముందే కలుపుకోవడం.

క్యూసెక్కులు చేతికి అందేలా

పేపర్లో రోజూ చదివే క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, సుమారు 28.3 లీటర్లు. దీన్ని కంటితో కొలవడం కె.సి. (కర్నూలు–కడప) కాలువ గట్టు మీద నేర్చుకోవచ్చు. 1860లలో సేద్యానికీ పడవల రాకపోకలకూ కలిపి తవ్విన కాలువ అది. ఇప్పుడు మనకు పాఠశాల. గట్టు మీద 20 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఎగువ గుర్తు దగ్గర గుప్పెడు శెనక్కాయల పొట్టు విసిరి, రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో వచ్చిందో చూడండి. 20 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు మీటరు. అడుగునా అంచులా నీరు మెల్లగా పోతుంది కాబట్టి మొత్తం మీద సగటు వేగానికి పైనీటి వేగాన్ని 0.85తో గుణిస్తారు. కాలువ అక్కడ 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అనుకుంటే సెకనుకు 17 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 600 క్యూసెక్కులు.

ఇప్పుడు అదే నీటిని 5 మీటర్ల సందులోంచి పంపితే? లోతు పెరగకపోతే వేగం రెట్టింపు కావాలి. వేగం రెట్టింపైతే నీరు ఒక వస్తువు మీద చూపే బలం నాలుగు రెట్లు. గండికోట మీద నిలబడి ఎర్రమల కొండల మధ్య పెన్న ఎంత ఇరుకులోంచి దారి చేసుకుందో చూసినప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. రిజర్వాయరు కట్టాక అక్కడ చదవడానికి పారే నీరు పెద్దగా ఉండదు గానీ, జంస్కార్ లోయ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి మన జిల్లాల్లో అంతకు మించిన చోటు లేదు.

అందుకే ఒక రాపిడ్‌కు (నీరు ఉరవడిగా, అలలతో పారే చోటుకు) ఇచ్చిన గ్రేడు ఏడాదంతా ఒకేలా ఉండదు. 1 (తేలిక) నుంచి 6 (అతి కష్టం) వరకు ఉండే ఆ లెక్కలో మార్చిలో 3 అనిపించుకున్నది నీరు పెరిగితే 4 కావచ్చు. కొన్ని మాత్రం నీరు పెరిగితే బండలన్నీ మునిగి తేలికవుతాయి. "గ్రేడ్ 4 గ్యారంటీ" అని ప్యాకేజీ అమ్మేవాళ్ళను ఈవారం నీరు ఎంత ఉందని అడగండి. జవాబు తడబడితే వేరే వాళ్ళను చూసుకోండి.

నీరు ఒక్క రోజులోనే మారుతుంది కూడా. జంస్కార్‌లో పారేది మంచు కరిగిన నీరు. ఎండకు పైన కరిగింది కింది లోయకు చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. క్యాంపు వేయగానే ర్యాఫ్టులను బాగా పైకి లాగి కట్టేది అందుకే. భాగీరథి మీద టెహ్రీ డ్యాం ఉంది, కర్ణాటకలో దాండేలి దగ్గర కాళి నదికి పైన సూపా డ్యాం ఉంది. అక్కడ నీటి మట్టం ఎండను బట్టి కాదు, విడుదలను బట్టి మారుతుంది. ఎక్కడైనా సరే, ఒడ్డున ఆగగానే నీటి అంచులో ఒక రాయి పెట్టండి. అరగంట తర్వాత అది మునిగిందా, పొడిబారిందా చూడండి. 2009 అక్టోబరు వరద చూసిన కర్నూలు వాళ్ళకు ఈ అలవాటు ఎందుకో వివరించక్కర్లేదు.

ఈ వారం పని

రెండు సాయంత్రాలు వంతెన స్తంభాలకు, ఒకటి కాలువ గట్టుకు ఇవ్వండి. కాలువ మీది చిన్న వంతెన నుంచి శెనక్కాయల పొట్టు వదిలి, ఏ గింజపొట్టు ఎడ్డీలోకి తిరుగుతుందో అది పడకముందే పైకి చెప్పండి. పక్కన ఇంకొకరు ఉంటే పందెం కాయండి, తొందరగా వస్తుంది. పదిలో ఏడు సరిగ్గా చెప్పగలిగాక ఏదైనా రాపిడ్ ఫోటో తీసుకుని దాని మీద పెన్నుతో దారి గీయండి: ఎక్కడ దూరాలి, ఏ హోల్‌కు ఏ వైపు ఉండాలి, దాటాక ఏ ఎడ్డీలో ఆగాలి. ఆగే చోటు ముందు గుర్తించి, అక్కడి నుంచి వెనక్కి గీసుకుంటూ రండి. గైడ్లు చూసేది ఆ వరసలోనే.

నాలుగో పాఠం ర్యాఫ్ట్ నుంచి నీళ్ళలో పడ్డాక ఏం చేయాలన్నది. దానికి ఈత కొలను, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, పక్కన ఈత బాగా వచ్చిన మనిషి కావాలి. ఈ మూడూ ఎక్కడ కుదురుతాయో ఈలోగా కనుక్కోండి.