ఇంట్లో సిస్టమ్‌కి ర్యామ్ మీరే వేసుకోవచ్చు, కొనేముందు మాత్రం ఇవి చూడండి

కంప్యూటర్ స్లో అయిందని ఎవరితో అన్నా వచ్చే సలహా ఒకటే, "ర్యామ్ పెంచెయ్". ర్యామ్ అంటే తెరిచిన పనుల్ని కంప్యూటర్ అప్పటికప్పుడు పెట్టుకునే మెమరీ. చాలాసార్లు ఆ సలహా కరెక్టే. బిగించడం కూడా పెద్ద విద్యేం కాదు, స్టార్ స్క్రూడ్రైవర్ తిప్పడం వస్తే చాలు. తిప్పలంతా కొనే దగ్గరే. ఏ రకమో తెలియకుండా కొనేస్తే అది స్లాట్‌లోకే దిగదు, లేదా దిగి కూడా డిస్‌ప్లే రాదు, ఇక మళ్ళీ ఆటో ఎక్కి షాపు చుట్టూ తిరగాలి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, క్యాబినెట్ విప్పడం తర్వాత, ముందు కుర్చీలో కూర్చుని పది నిమిషాలు మీ సిస్టమ్‌ని చూడండి.

మొదట అసలు తక్కువైంది ర్యామేనా అన్నది తేల్చుకోవాలి. రోజూ తెరిచేవన్నీ ఒకేసారి తెరవండి: క్రోమ్‌లో మీకు అలవాటైనన్ని ట్యాబులు, వాట్సాప్, ట్యాలీ ఉంటే ట్యాలీ, పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఉంటే అది కూడా. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. వాడకం 85, 90 శాతం దగ్గర కూర్చుని దిగట్లేదంటే మీకు ర్యామ్ కావాలి. అది సగంలోనే ఉండి, పక్కన డిస్క్ మాత్రం 100 శాతం అని కొట్టుకుంటుంటే మీ బాధ వేరే, ఎక్కువగా విండోస్ ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే నడుస్తోందన్నమాట, అలా అయితే ఆ డబ్బు ఎస్ఎస్‌డీకి, అంటే దాని బదులు వేసుకునే వేగమైన డిస్క్‌కి పెట్టండి. రెండూ నిండిపోయి కనిపిస్తే డిస్క్‌ని తిట్టకండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని డిస్క్ మీదికి తోసేసి, కావాల్సినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది, ఆ రాకపోకలకే డిస్క్ అలా పరుగులు పెడుతుంది.

అదే మెమరీ పేజీలో కింద కుడివైపు ఉన్న అంకెలే మీకు అసలు కావాల్సినవి. స్పీడ్ ఎంత, మొత్తం స్లాట్లు ఎన్ని, అందులో ఎన్ని వాడకంలో ఉన్నాయి, ఫామ్ ఫ్యాక్టర్ (అంటే ర్యామ్ సైజు రకం) ఏమిటి. ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ర్యామ్‌లో తరాలు ఉంటాయి, వాటి పేర్లే డీడీఆర్3, 4, 5. స్పీడ్ 1333, 1600 అలా ఉంటే దాదాపుగా డీడీఆర్3. 2133 నుంచి 3200 మధ్యలో ఉంటే మామూలుగా డీడీఆర్4. 4800, ఆపైన ఉంటే డీడీఆర్5. ఊహలు వద్దు, గట్టిగా తెలియాలి అంటే సీపీయూ-జెడ్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో మెమరీ ట్యాబ్‌లో రకం రాసి ఉంటుంది, మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో మీ మదర్‌బోర్డ్ (లోపల అన్నీ బిగించి ఉండే పెద్ద బోర్డ్) మోడల్ ఉంటుంది. అందులో స్పీడ్ టాస్క్ మేనేజర్‌లో చూసిన దాంట్లో సగమే కనిపిస్తుంది, 2666 బదులు 1333 అని. మోసమేం కాదు, ఈ ర్యామ్‌లు ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతాయి, టాస్క్ మేనేజర్ ఆ రెట్టింపు అంకెని చూపిస్తే ఇది అసలు క్లాక్‌ని చూపిస్తుంది.

ఈ మూడు రకాలూ ఒకదాని చోట ఇంకొకటి పట్టవు. చూడటానికి పొడుగు ఒకటే, కానీ కింద పిన్నుల వరసలో ఉండే గాటు ఒక్కో రకానికి ఒక్కో చోట ఉంటుంది. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288. ఓల్టేజ్ కూడా వేరే, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర డిమ్ అని ఉంటే డెస్క్‌టాప్ ర్యామ్, సో-డిమ్ అని ఉంటే ల్యాప్‌టాప్‌లో వాడే పొట్టి ర్యామ్. ఇంట్లో ఉన్నది టీవీలా మానిటర్ వెనకే అంతా ఉండే ఆల్-ఇన్-వన్ అయితే ఎక్కువగా ఈ పొట్టిదే ఉంటుంది.

ఇక బోర్డ్ ఎంతవరకు మోయగలదో చూడాలి. మదర్‌బోర్డ్ మోడల్ పేరు కొట్టి, తయారీ కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్స్ పేజీ తెరిస్తే మాక్సిమమ్ మెమరీ అని ఉంటుంది. మన దగ్గర పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లలో తెగ కనిపించే హెచ్61, హెచ్81 బోర్డులకి రెండే స్లాట్లు, రెండూ కలిపి 16 జీబీ దాటవు. డీడీఆర్4 వేసుకునే హెచ్110 అయితే 32 వరకు వెళుతుంది. ఇంకో సంగతి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి విండోస్ 64 బిట్టో 32 బిట్టో చూడండి. 32 బిట్ అయితే 4 జీబీ దాటి ఎంత వేసినా వాడుకోదు, ముందు విండోస్ మార్చాలి.

ఎంత వేయించాలి? బ్రౌజింగ్, వర్డ్, ఎక్సెల్, సినిమాలు, ఇంతే అయితే 8 జీబీతో నడిచిపోతుంది, 16 ఉంటే హాయి. వీడియో ఎడిటింగో, పెద్ద గేములో, ఇంజినీరింగ్ పిల్లలు ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివో నడిపితే 16 కనీసం అనుకోండి. 32 ఊరికే గొప్పకి వద్దు. పాత డీడీఆర్3 సిస్టమ్ గురించి మాత్రం ఖచ్చితంగా ఒక మాట చెబుతా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ కాలపు ఇంటెల్ ప్రాసెసర్లు విండోస్ 11కి అధికారికంగా పనికిరావు, ఇంటెల్‌లో మామూలుగా 8వ తరం నుంచే అది ఒప్పుకుంటుంది. కాబట్టి అలాంటి సిస్టమ్‌కి ఒక సెకండ్ హ్యాండ్ 4 జీబీ స్టిక్ (ఒక్కో ర్యామ్ ముక్కని స్టిక్ అంటారు) వేసి ఇంకొన్నాళ్ళు లాగడం వేరు, కొత్త ర్యామ్ మీద వేలు పోయడం వేరు. మొదటిది చేయండి, రెండోది వద్దు.

కొనే దగ్గరికి వద్దాం. గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లు, విజయవాడలో అయితే గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు వైపు నాలుగు షాపులు అడగండి, ఒక్క షాపుతో సరిపెట్టకండి. "అన్నా, డెస్క్‌టాప్‌కి డీడీఆర్4, 8 జీబీ, 2666 ఉందా? 3200 అయినా పర్లేదు" అని అడిగారంటే అవతలి వాళ్ళకి మీకు తెలుసని అర్థమవుతుంది, బేరం కూడా అక్కడి నుంచి మొదలవుతుంది. "సిస్టమ్ స్లో అన్నా, ఏదైనా ర్యామ్ ఇవ్వు" అంటే ఏది మిగిలిపోయి ఉంటే అదే వస్తుంది. ఎక్కువ స్పీడ్ ర్యామ్ కొన్నా నష్టం లేదు, బోర్డ్ ఎంత ఇస్తే అంతకి దిగి నడుస్తుంది. పాతదీ కొత్తదీ కలిపి వేస్తే రెండిట్లో నెమ్మదైన దాని స్పీడ్‌కే రెండూ నడుస్తాయి. అవకాశం ఉంటే ఒకే కంపెనీ, ఒకే సైజు జత మంచిది, ఎందుకంటే రెండు స్లాట్లలో సమానంగా ఉన్నప్పుడు ప్రాసెసర్ రెండు దారుల్లోనూ ఒకేసారి డేటా లాగుతుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని ఇళ్ళలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కానీ జత కోసం పనిచేసే పాత స్టిక్‌ని పారేయక్కర్లేదు.

ధర గురించి నేను అంకె చెప్పను, చెప్పినా ఈ వారానికి పాతబడిపోతుంది. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి, ఏఐ డేటా సెంటర్లకే చిప్పులు ఎక్కువగా పోతున్నాయి. మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్ళకి అమ్మే వ్యాపారం ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. రెండేళ్ళ కింద మీ బావమరిది ఎంతకి కొన్నాడో మర్చిపోయి వెళ్ళండి.

ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించేవి రెండు రకాలు ఉంటాయి, జాగ్రత్త. ఒకటి సర్వర్లలో నుంచి పీకిన ర్యామ్, ఈసీసీ రిజిస్టర్డ్ అని చిన్నగా రాసి ఉంటుంది, ఇంటి బోర్డులో అది పనిచేయదు. రెండోది డీడీఆర్3లో ఏఎండీ ఓన్లీ అని వచ్చేవి, ఇంటెల్ బోర్డులో వేస్తే డిస్‌ప్లే రాదు. లైట్లు వెలిగే ర్యామ్‌కి ఎక్కువ పెట్టడం మీ ఇష్టం, మూసిన క్యాబినెట్‌లో అవి ఎవరికి కనిపిస్తాయో నాకైతే అర్థం కాదు. బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోండి, పడకపోతే మార్చి ఇస్తారా అన్నది డబ్బులిచ్చే ముందే అడగండి.

ఇప్పుడు బిగించడం. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పీకేయండి. యూపీఎస్ ఆపితే చాలదు, కేబుల్ పీకాల్సిందే. పీకాక ముందున్న పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టి, ముందు నుంచి చూస్తే ఎడమవైపు వచ్చే రేకు తీయాలి, వెనక రెండు స్క్రూలు ఉంటాయి, తీసి రేకుని వెనక్కి జరిపితే ఊడుతుంది. ఆ స్క్రూలు ఒక గిన్నెలో వేయండి, మంచం కిందకి దొర్లితే వెతకడం మీ వల్ల కాదు.

లోపల దుమ్ము ఉంటుంది. మా బాబాయి వాళ్ళ సిస్టమ్ మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో ఉంటుంది, రేకు తీయగానే ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొడి పేరుకుని ఉంది, బ్రష్ పెట్టగానే ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. మీది అంత ఘాటుగా లేకపోయినా మెత్తటి పెయింట్ బ్రష్‌తో స్లాట్ల చుట్టూ దులపండి, నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. తడిగుడ్డ దగ్గరికి రానివ్వకండి. ఒంటి మీద చేరి ర్యామ్‌ని పాడుచేయగల స్టాటిక్ కరెంటు గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు, మన దగ్గర గాల్లో ఉక్క ఎక్కువ కాబట్టి అది తక్కువే, కానీ ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. రంగు వేయని క్యాబినెట్ ఇనుము భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, తర్వాత ర్యామ్ ముట్టుకోండి, మధ్యమధ్యలో మళ్ళీ తాకుతూ ఉండండి. స్టిక్‌ని అంచులు పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నుల మీద వేళ్ళు పడకూడదు.

ప్రాసెసర్ ఫ్యాన్ పక్కన నిలువుగా ఉండే పొడుగాటి గాడులే ర్యామ్ స్లాట్లు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు వేస్తుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి, బోర్డ్ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. స్లాట్ చివర క్లిప్పుని బయటికి వంచండి. కొన్ని బోర్డుల్లో రెండు వైపులా ఉంటుంది, కొన్నిట్లో ఒకవైపే కదులుతుంది, రెండోది కదలట్లేదని బలవంతం చేయకండి. స్టిక్ గాటు, స్లాట్‌లో ఉన్న మిట్ట ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే తిప్పి చూడండి, అప్పటికీ కుదరకపోతే అది వేరే రకం ర్యామ్, అంతే, నొక్కొద్దు. సరిపోయాక రెండు బొటనవేళ్ళూ రెండు చివర్ల మీద పెట్టి నిటారుగా కిందికి నొక్కండి. కొత్తవాళ్ళు ఇక్కడే భయపడతారు, బోర్డ్ కాస్త కిందికి వంగినట్టు అనిపిస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. ఆగకండి, మీరు అనుకున్నదానికంటే ఎక్కువే నొక్కాలి. టక్ మని శబ్దం వచ్చి క్లిప్పు దానంతట అదే లేచి స్టిక్ పక్కన ఉన్న గుంటలో కూర్చుంటుంది. క్లిప్పుని మీరు చేత్తో మూయాల్సి వచ్చిందంటే స్టిక్ ఇంకా పూర్తిగా దిగలేదని అర్థం.

రేకు మూయకుండానే కేబుల్ పెట్టి ఆన్ చేయండి. మొదటిసారి ఒకటి రెండుసార్లు ఆగి మళ్ళీ స్టార్ట్ కావచ్చు. డీడీఆర్5 అయితే కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు, కొత్త ర్యామ్‌ని అది సరిచూసుకుంటోంది, కంగారుపడి ఆపేయకండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు, లేదా బీప్ బీప్ అంటోంది. ఎక్కువ భాగం స్టిక్ సరిగ్గా కూర్చోకపోవడమే. కేబుల్ పీకి, తీసి, మళ్ళీ నొక్కి పెట్టండి. పాత స్టిక్ అయితే పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు లేకుండా పొడి గుడ్డతో తుడవండి. అప్పటికీ రాకపోతే కొత్తది ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత పాతది ఒక్కటే, తర్వాత స్లాట్లు మార్చి. ఏది పెట్టినప్పుడు ఆగుతోందో తెలిస్తే లోపం స్టిక్‌లోనా, స్లాట్‌లోనా అన్నది దొరికిపోతుంది. విడివిడిగా రెండూ పనిచేసి కలిపితే రావట్లేదంటే బోర్డ్ మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి, కేబుల్ పీకి ఉన్నప్పుడే. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డ్ సొంత సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మొదటికి వస్తాయి, తేదీ, టైమ్ మళ్ళీ పెట్టుకోవాలి. అయినా కుదరకపోతే ఆ రెండిటికీ పొసగట్లేదు, షాపులో వేరే కంపెనీది మార్పించుకోండి.

విండోస్ వచ్చాక మళ్ళీ టాస్క్ మేనేజర్ చూడండి. 16 వేస్తే 15.8, కొన్నిసార్లు ఇంకొంచెం తక్కువ వాడుకోవచ్చని చూపిస్తుంది, కొంత ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ తీసుకుంటుంది. 3200 కొంటే 2666 చూపిస్తోందంటే మీ ప్రాసెసర్‌దో బోర్డ్‌దో హద్దు అయ్యుండొచ్చు. గేమింగ్ ర్యామ్ అయితే పూర్తి స్పీడ్ కోసం బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి, మామూలు ర్యామ్‌కి దాని జోలికి వెళ్ళక్కర్లేదు. ఆ రాత్రి పడుకునే ముందు స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని కొట్టి, రీస్టార్ట్ చేసి వదిలేయండి. అందులో లోపం చూపించినా, రెండు మూడు రోజుల్లో నీలం స్క్రీన్ వచ్చినా బిల్లు పట్టుకుని షాపుకి వెళ్ళండి, ఇంకో వారం చూద్దాంలే అనుకుంటే మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. అందాకా రేకుకి ఒక్క స్క్రూ బిగిస్తే చాలు. తీసేసిన పాత స్టిక్‌ని కొత్తది వచ్చిన కవర్‌లోనే పెట్టి దాచండి, రేపు డిస్‌ప్లే పోతే పరీక్షించడానికి అదే అక్కరకొస్తుంది.