దమ్ములకూ వరదకూ ముందే బళ్ళకు ఆయిల్ మార్చుకునే లెక్క

జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలారంటే మన డెల్టాలో బళ్ళకు ఊపిరి సలపదు. ట్రాక్టర్లు నాట్లకు పొలాన్ని బురదగా దున్నే దమ్ముల్లోకి దిగుతాయి, వ్యాన్లు విత్తనాలూ ఎరువులూ మోస్తాయి, చేపల లారీలు ఎలాగూ ఆగవు. ఆ వెనకే జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగుతుంది. ఐదో పదో బళ్ళు పెట్టుకుని కిరాయిలకు తిప్పేవాళ్ళు ఆయిల్ మార్పిడి సంగతి దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక, కాలవలు కట్టేసి ఉన్న రోజుల్లోనే తేల్చుకోవాలి. చవక ఆయిల్ పోసి మిగుల్చుకునేది ఏమీ ఉండదు. వరదకు ముందు ఏ ఆయిల్ మార్చాలి, వరద తీశాక ఏది మార్చాలి అన్నది తెలిస్తే అసలు డబ్బు అక్కడ మిగులుతుంది.

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు ముందే చూసుకోవాలి. కోతల్లో తిరిగిన బండి ఎంత దుమ్ము పీల్చిందో ఎయిర్ ఫిల్టరు విప్పి చూస్తే తెలుస్తుంది. ఫిల్టరు దాటిపోయిన సన్నటి దుమ్ము ఆయిల్‌లో కలిసి రింగుల్నీ బేరింగుల్నీ అరగదీస్తుంది. పాత ట్రాక్టర్లలో ఆయిల్ గిన్నె ఉండే ఎయిర్ క్లీనరైతే ఆ గిన్నె కడిగి కొత్త ఆయిల్ పోసిన తర్వాతే బండిని దమ్ములోకి దింపండి.

గేరుబాక్సు, వెనక హౌసింగు (వెనక ఇరుసు ఉండే పెట్టె), హబ్బుల సంగతి వేరు. మునిగేది అవే. బాగా వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా నీళ్ళలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ (లోపలి గాలి పోయే చిన్న దారి) దగ్గర్నుంచో సీలు అంచునుంచో నీటిని లోపలికి లాక్కుంటుంది. మే నెలలో కొత్త ఆయిల్ పోసి, ఆగస్టులో నీళ్ళు దిగాయని మళ్ళీ పారబోస్తే రెండు ఖర్చులు. అందుకని గడువు ఇంకా మిగిలి ఉన్న బళ్ళకు ఈ ఆయిళ్ళను వానలు తగ్గేదాకా ఆపుకోవడం మేలు. గడువు దాటినా, సీలు కారుతున్నా, నీళ్ళు కలిసి ఆయిల్ ఇప్పటికే తెల్లబడినా మాత్రం ఆపకూడదు. ఆయిల్ ఇప్పుడు మార్చకపోయినా బ్రీదర్లు శుభ్రం చేయించి, పాడైన సీళ్ళు మాత్రం ఇప్పుడే మార్పించండి.

దమ్ములో తిరిగే ట్రాక్టరుకు వారానికోసారి తెల్లవారుజామున, బండి కదలకముందే, హౌసింగు కింది డ్రైన్ బోల్టు కొద్దిగా వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు గనక రాత్రంతా అడుక్కి దిగి ఉంటుంది. మొదటి చుక్కలు నీళ్ళైతే ఆయిల్ మార్చాల్సిందే. శుభ్రంగా ఆయిలే వస్తే బోల్టు బిగించి పనికి పంపొచ్చు. ఇంకో మాట. ఆయిల్‌లో మునిగే బ్రేకులున్న ట్రాక్టరు హౌసింగులో కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. మామూలు గేరాయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, ప్లేట్లు పాడవుతాయి.

ఇక గడువు. కిలోమీటర్లు ఒక్కటే చూస్తే మన దగ్గర లెక్క తప్పుతుంది. నర్సాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళను ఏరు దాటించే పడవ) కోసం ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ బండికి, చెరువు గట్టుమీద ఐసు ఎక్కించుకుంటూ ఆన్‌లో ఉన్న బండికి మీటరు తిరగదు, ఆయిల్ మాత్రం అరుగుతుంది. చాలా మాన్యువల్సులో కష్టమైన పనికి వేరే పట్టిక ఉంటుంది. మనకు వర్తించేది అదే. ట్రాక్టరుకు గంటలే ప్రమాణం. చాలావాటికి 250 గంటలు రాసి ఉంటుంది. దమ్ములప్పుడు రోజుకు పది గంటలు నడిస్తే అది 25 రోజుల్లో అయిపోతుంది. ఇవాళ గడువుకు వంద గంటలే మిగిలి ఉంటే దమ్ములు మొదలైన పదో రోజుకే బండి షెడ్డుకెళ్ళాలి, రైతు గట్టుమీద ఎదురుచూడాలి. ఇలాంటి బండికి ముందే మార్చేయండి. గడువులో ముప్పాతిక ఇంకా మిగిలి ఉన్నదాన్ని ముట్టుకోవద్దు.

ఖర్చు కూడా ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. ఒక వ్యానుకు ఆయిల్, ఫిల్టరు, కూలీ కలిపి 4,000 రూపాయలు అనుకుందాం. 10,000 కిలోమీటర్లకు మారిస్తే కిలోమీటరుకు 40 పైసలు. దాన్ని 15,000కి లాగితే దాదాపు 27 పైసలు. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి మిగిలేది 13,000 చిల్లర. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఒక్కటి పోతే ఆ మిగులు దానికే చాలదు. అలాగని కంపెనీ 10,000 అంటే భయపడి 5,000కే మార్చేవాళ్ళు లక్షకు 40,000 ఊరికే పారబోస్తున్నారు. "ఆయిల్ నల్లబడిపోయిందండి, మార్చేద్దామండి" అని డ్రైవరు అంటే రంగు చూసి ఒప్పుకోకండి. డీజిల్ ఇంజిన్లో మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనే, అది త్వరగానే నల్లబడుతుంది. భయపడాల్సింది నీళ్ళు కలిసినప్పుడు కనిపించే పాల టీ రంగు చూసి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినా, డీజిల్ వాసన వచ్చినా భయపడాల్సిందే. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్6 బళ్ళు చిన్న ట్రిప్పులే తిరిగితే ఆయిల్‌లోకి డీజిల్ దిగి మట్టం పెరుగుతుంది. వాటి డిప్‌స్టిక్ వారం వారం చూడాలి.

నీళ్ళు కలిశాయో లేదో షెడ్డులోనే చూడొచ్చు. పాత ఇనుప రేకు ముక్కను బాగా వేడిచేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకే ఒక చుక్క వేయండి. చిటపటలాడితే నీరుంది. మెల్లగా పొగ వచ్చి ఊరుకుంటే లేనట్టే. డీజిల్ డబ్బాలకు దూరంగా చేయండి.

బళ్ళు ఎక్కువైతే 210 లీటర్ల పీపా కొనడం లీటరుకు చవక పడుతుంది. అయితే ఒక్కో బండికి ఒక్కో రకం పెట్టుకుంటే సగం వాడిన డబ్బాలే షెడ్డు నిండా మిగులుతాయి. పాత డీజిల్ బళ్ళకు పోసే 15డబ్ల్యూ-40 (చిక్కదనం) సీఐ-4 (నాణ్యత రకం) ఆయిల్‌ను డీపీఎఫ్ ఉన్న బీఎస్6 బండికి పోయకూడదు, ఆ ఆయిల్ కాలితే మిగిలే బూడిద డీపీఎఫ్‌ను మూసేస్తుంది. డీపీఎఫ్ బళ్ళకు పోసే సీకే-4 రకం మాత్రం పాత ఇంజిన్లకు కూడా పనికొస్తుంది. అన్ని బళ్ళ మాన్యువల్సూ ఒప్పుకుంటే ఆ ఒక్క రకమే పెట్టుకోవచ్చు. ధర కాస్త ఎక్కువైనా ఒకదానికి బదులు ఇంకోటి పోసే పొరపాటు తప్పుతుంది. జీఎస్టీ బిల్లు లేకుండా, సీలు అనుమానంగా ఉన్నది ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఖాళీ అయిన డబ్బాకు మేకుతో చిల్లు పెట్టండి. లేకపోతే అదే డబ్బా కల్తీ సరుకుతో మళ్ళీ మన దగ్గరికే రావచ్చు.

పీపాను ఆరుబయట నిలబెట్టొద్దు. మూతమీద వాననీరు నిలుస్తుంది, పగలు వేడికి పీపా లోపలి గాలి, ఆయిల్ వ్యాకోచించి రాత్రి చల్లబడినప్పుడు ఆ నీరు మూత సందుల్లోంచి లోపలికి పోతుంది. చూరు కింద, ఎత్తైన దిమ్మెమీద, రెండు మూతలూ అడ్డంగా ఒకే ఎత్తులో ఉండేలా పడుకోబెట్టండి.

అన్ని బళ్ళనూ ఒకే వారంలో నిలిపేయకండి. రీడింగులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, గడువుకు దగ్గరగా ఉన్నవాటిని మొదట, రోజుకొకటి చొప్పున, కిరాయి లేని పూట చూసి చేయించండి. ఇంజిన్ వేడిగా ఉండగా, చదును నేలమీద ఆయిల్ దింపాలి. డ్రైన్ బోల్టు వాచరు ప్రతిసారీ కొత్తది వేయండి, దాని ఖరీదు పదుల్లోనే. కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. స్టార్టు చేశాక ఆయిల్ లైటు ఆరేదాకా రేజింగు ఇవ్వొద్దు, టర్బోకు ఆయిల్ అందాలి కదా. ఆపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. గరిష్ఠ గీత దాటినా మంచిది కాదు, నురగ కడుతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక గోదావరి మట్టం 11.75 అడుగులకు చేరితే. లంకల్లో, ఏటిగట్టు లోపల ఉన్న బళ్ళను అప్పుడే బయటికి తెచ్చేయండి. 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగితే దారులే ఉండకపోవచ్చు. ఎయిర్ ఫిల్టరు దాకా మునిగిన బండిని దయచేసి సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు మెకానిక్‌తో నీరు తీయించి, ఆయిల్, ఫిల్టరు మార్చి, కాసేపు నడిపి రంగు చూసి, మళ్ళీ తెల్లబడితే ఇంకోసారి మార్చాలి. ఈ రెండోసారికి కూడా సరిపడా ఆయిల్, ఫిల్టర్లు ఎత్తైన చోట దాచి ఉంచుకోండి. వరద తీసిన వారం అందరికీ ఒకేసారి కావాలి.

దించిన మడ్డి ఆయిల్ మాత్రం కాలవలో పడకూడదు. ఆ కాలవ నీళ్ళే మన ఊరి మంచినీళ్ళ చెరువులోకి పోతాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్ళకే ఇవ్వాలి. మూత గట్టిగా ఉన్న డ్రమ్ములో, నీళ్ళూ డీజిలూ కలవకుండా పోసి, పైన పెయింటుతో "పాత ఆయిల్" అని రాసి పెట్టండి. వాళ్ళు వచ్చి తీసుకెళ్ళినప్పుడు రసీదు అడగండి.