పాత చిన్న ట్రాక్టర్‌కు హైడ్రాలిక్ పెట్టిస్తున్నారా? మృగశిరకు ముందే ఇవి చూసుకోండి

నల్లగొండ బత్తాయి తోటల్లో సాళ్ల మధ్య తిప్పే పాత 15 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పంపు, సిలిండర్ బిగించి గొర్రును లివర్‌తో లేపుకోవచ్చు. కానీ రోళ్లు పగిలే రోహిణి ఎండల్లోనే ఈ పని ముగించాలి. చినుకు పడ్డాక హడావుడిగా బిగిస్తే ఏదో ఒక పైపు చెలక మధ్యలోనే పగులుతుంది.

పెద్ద పంపు కోసం ఆశపడొద్దు. 8 సీసీ గేర్ పంపు, అంటే ఒక చుట్టుకు 8 మి.లీ. తోసేది, నిమిషానికి 1500 చుట్ల మీద 12 లీటర్ల ఆయిల్ తోస్తుంది. 150 బార్ ప్రెషర్ దగ్గర అదొక్కటే ఇంజిన్ నుంచి నాలుగైదు హెచ్‌పీ తినేస్తుంది. 4 సీసీ పంపుకు అందులో సగమే చాలు. లోపలి వ్యాసం 50 మి.మీ., కదలిక 200 మి.మీ. ఉన్న సిలిండర్‌ను అది నాలుగు సెకన్లలో చాపుతుంది, దాదాపు మూడు టన్నుల తోపు వస్తుంది. గొర్రుకు, చిన్న నాగలికి ఇది ఎక్కువే.

పంపు ఏ వైపు తిరగాలో దాని ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది. చాలా గేర్ పంపులు ఒకే వైపు తిరుగుతాయి, ఎదురు తిప్పితే షాఫ్ట్ ఆయిల్ సీలు బయటికి తన్నుకొస్తుంది. క్రాంక్ పుల్లీ నుంచి బెల్టుతో తిప్పేటట్టయితే పుల్లీని నేరుగా పంపు షాఫ్ట్‌కు తగిలించకండి. పక్క లాగుడుకు పంపు బుష్‌లు అరిగిపోతాయి. విడిగా బేరింగ్ స్టాండు పెట్టి కప్లింగ్‌తో కలపాలి.

పంపులు ఎక్కువగా పాడయ్యేది ఆయిల్ పీల్చుకునే వైపే. ట్యాంకు పంపు కన్నా ఎత్తులో ఉండాలి, పీల్చే పైపు పొట్టిగా, లోపల తీగ ఉండి నొక్కుకుపోనిదై ఉండాలి. పంపు కీచుమని అరిచినా, ట్యాంకులో నురగ కట్టినా గాలి పీలుస్తోందని అర్థం, వెంటనే ఆపేయండి. తిరిగొచ్చే పైపు మూతి ఆయిల్‌లో మునిగి ఉండాలి. ట్యాంకు 20 లీటర్లది, సైలెన్సర్‌కు దూరంగా పెట్టండి. మన ఎండలకు 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ సరిపోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకండి.

కంట్రోల్ వాల్వ్ ఓపెన్ సెంటర్ రకం తీసుకోండి. లివర్ మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్ ఊరికే ట్యాంకులోకి తిరిగిపోతుంది, వేడెక్కదు. ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ను ట్యాంకులోకి వదిలేది రిలీఫ్ వాల్వ్. పంపుకూ దానికీ మధ్య ఏ ట్యాపూ ఉండకూడదు. సిలిండర్ చివరికంటా వెళ్లాక ఆయిల్‌కు దారి ఉండదు. రిలీఫ్ తెరుచుకోకపోతే బలహీనంగా ఉన్నదేదో పగలాల్సిందే. ప్రెషర్ గేజీ లేకుండా రిలీఫ్ స్క్రూ తిప్పొద్దు.

ఇక పైపులు. మందు కొట్టే పైపు ఎంత మందంగా కనిపించినా ఈ పనికి పనికిరాదు, నీళ్ల జీఐ పైపు కూడా అంతే. రెండు తీగ పొరలున్న హైడ్రాలిక్ హోస్‌నే, చివర్ల ఫిట్టింగులు మెషీన్ మీద నొక్కించి తెచ్చుకోండి. క్లిప్పులతో బిగిస్తే ఊడి వస్తుంది. డ్రైవర్ కాళ్ల పక్కగా పోయే చోట దాని మీద మందపాటి తొడుగు వేయండి.

కారుతున్న చోటును చేత్తో తడమొద్దు. 150 బార్ దగ్గర సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ ధార కంటికి ఆనదు, తోలును చీల్చుకుని లోపలికి పోతుంది. ముల్లు గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. కొన్ని గంటల్లో వేలు వాచి, లోపల కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పసుపు అద్ది, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఇంట్లో కూర్చుంటే వేలే పోవచ్చు. సర్జన్ ఉండే ఆసుపత్రికి ఆ క్షణమే బయల్దేరండి, "ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయింది" అని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి. లీకు వెతకాలంటే అట్టముక్కను కాస్త దూరంగా ఆడించండి, తడి మరక పడిన చోటే లీకు.

మొదటిసారి నడిపే ముందు పంపులో కాస్త ఆయిల్ పోసి, రిలీఫ్ స్క్రూను పూర్తిగా వదులు చేసి, ఇంజిన్‌ను నెమ్మదిగా ఐదు నిమిషాలు తిరగనివ్వండి. తర్వాత గేజీ చూస్తూ కొద్దికొద్దిగా బిగిస్తూ 150 దగ్గర ఆపండి. సిలిండర్‌ను పదిసార్లు చాపి ముడిస్తే గాలి పోతుంది. పూర్తిగా ముడిచాక ఆయిల్ మట్టం చూసి తగ్గినంత పోయండి.

ఏ నట్టు విప్పాలన్నా ముందు గొర్రును నేలకు దించి, ఇంజిన్ ఆపి, లివర్‌ను రెండు వైపులా ఆడించి ప్రెషర్ వదిలేయండి. లేపిన గొర్రు కిందికి దూరాల్సి వస్తే చెక్క దిమ్మెలు ఆనించాలి, వాల్వ్ పట్టి ఉంచుతుందని నమ్మకండి. పాత ట్రాక్టర్ వెనక బరువు లేస్తే ముందు చక్రాలు తేలిపోతాయి. గట్టు ఎక్కకముందే ఇంటి దగ్గర చదును నేల మీద గొర్రు లేపి స్టీరింగ్ తిప్పి చూడండి, బండి తిరగకపోతే ముందు బంపర్‌కు దిమ్మలు కట్టాల్సిందే.