మనవరాలితో ఢిల్లీ దాకా రైల్లో

ఎండాకాలం సెలవుల్లో పిల్లని తీసుకుని తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే టికెట్ల సంగతి ముందే చూసుకోండి. ఇప్పుడు 60 రోజుల ముందు రిజర్వేషన్ మొదలవుతుంది. అయిదు దాటి పన్నెండు నిండని పిల్లకి సగం టికెట్ తీసుకుంటే బెర్త్ ఇవ్వరు. రాత్రంతా మన కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకోవాలి. దానికంటే పూర్తి ఛార్జీ కట్టి బెర్త్ తీసుకోవడమే నయం. పెద్దవాళ్ల రాయితీ 2020 నుంచి లేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

తిండి విషయానికొస్తే, మధ్యాహ్నానికి పులిహోర. రాత్రికి దద్దోజనం పట్టుకెళ్తే ఈ ఎండకి పులిసిపోతుందంటారు గానీ, ఇలా చేస్తే పులవదు: అన్నం మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, కాచిన పాలు ధారాళంగా పోయాలి. చల్లారాక ఒక్క చెంచా పెరుగు కలిపి, అల్లం, పచ్చిమిర్చి పోపు పెట్టాలి. తినే వేళకి అదే తోడుకుంటుంది. చిప్స్ ప్యాకెట్లు నేనైతే కొననివ్వను, వాళ్ల తాతయ్య చాటుగా కొంటారు, అది వేరే విషయం.

రామగుండం దాటగానే పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, గోదావరి వస్తుంది. ఏసీ బోగీలో అద్దం తెరుచుకోదు కాబట్టి చిల్లర వేయడం కుదరదు, దండం పెట్టించండి చాలు.

ఆగ్రాలో దిగేట్టయితే శుక్రవారం వద్దు, తాజ్‌మహల్ మూసేస్తారు. మిగతా రోజుల్లో సూర్యోదయానికే వెళ్లిపోండి, తొమ్మిది దాటితే పాలరాయి మీద ఎండకి కళ్లు తెరవలేం. పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు.