చిన్న నర్సింగ్ హోమ్‌లో బీమా బిల్లులను కృత్రిమ మేధతో సరిచూసుకునే పద్ధతి

భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం వంటి పట్టణాల్లో ఒకరిద్దరు డాక్టర్లు నడిపే నర్సింగ్ హోమ్‌లలో బిల్లింగ్ అంతా సాధారణంగా ఒక్క ఉద్యోగి చేతి మీదుగానే జరుగుతుంది. ఓపీ రోగులు ఫీజు కౌంటర్‌లో కట్టి వెళ్తారు కాబట్టి అక్కడ పెద్ద చిక్కు లేదు. చిక్కంతా బీమా మీద చేరిన రోగుల విషయంలోనే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకానిది ఒక పద్ధతి, ప్రైవేటు బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే టీపీఏలది మరో పద్ధతి. వైద్యం సక్రమంగా జరిగినా, కేస్ షీటూ బిల్లూ డిశ్చార్జ్ సమ్మరీ ఒకదానితో ఒకటి పొసగకపోతే క్వెరీలు (వివరణ కోరే ప్రశ్నలు), బిల్లు సొమ్ములో కోతలు, తిరస్కరణలు తప్పవు. కృత్రిమ మేధను బిల్లు రాయడానికి కాక, రాసిన బిల్లును పంపేముందు సరిచూడటానికి వాడుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా పాత క్వెరీ లేఖలను, కోతల వివరాలను పోగుచేయండి. వాటిలో రోగి పేరు, ఫోన్ నంబరు, ఆధార్, పాలసీ నంబర్లను చెరిపేసి, కారణాల వారీగా విడదీయమని కృత్రిమ మేధకు ఇవ్వండి. మీ ఆసుపత్రి డబ్బు ఎక్కడ ఆగుతోందో దీనివల్ల తెలుస్తుంది. ఉచితంగా దొరికే చాట్ యాప్‌లో రోగి కాగితాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించడం ఎంతమాత్రం తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి అటుంచినా, రోగి మనల్ని నమ్మి చెప్పుకున్న విషయాలవి.

పేర్ల సరిపోలికను మాత్రం యంత్రానికి వదలకుండా, చేర్చుకునేటప్పుడే కౌంటర్‌లో చూసుకోవాలి. అన్నవరం సత్యదేవుని పేరు పెట్టుకున్నవారు వీధికి నలుగురుండే ఈ ప్రాంతంలో, ఆధార్‌లో వెంకట సత్యనారాయణ అనీ, పాలసీలో వి.ఎస్. నారాయణ అనీ, కేస్ షీట్‌లో సత్తిబాబు అనీ ఉంటే క్లెయిము మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

ఆ తరువాత ప్రతి ఫైలుకూ కృత్రిమ మేధకు ఒకే ఆదేశాన్ని ఇవ్వండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘ఈ బిల్లులోని ప్రతి పద్దుకూ కేస్ షీట్‌లో ఏ పేజీలో, ఏ తేదీన ఆధారం ఉందో చూపించు. ఆధారం లేకపోతే లేదని రాయి. దేన్నీ ఊహించవద్దు.’ న్యుమోనియాతో చేరిన రోగికి బిల్లులో నెబ్యులైజేషన్ పన్నెండు సార్లని ఉండి, నర్సుల చార్టులో ఎనిమిది సంతకాలే ఉన్నాయనుకుందాం. ఈ తేడాను యంత్రం క్షణాల్లో చూపిస్తుంది. మిగిలిన నాలుగూ నిజంగా ఇచ్చారో లేదో నర్సునడిగి తేల్చుకోవలసింది మనమే. ఇవ్వనివాటిని బిల్లులోంచి తీసేయాలి తప్ప, లెక్క కుదరడం కోసం వెనకటి తేదీలతో చార్టు నింపకూడదు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది రోగచరిత్ర. డాక్టరు తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషు సమ్మరీగా మార్చే పరికరం ‘పది నెలలుగా షుగర్ ఉంది’ అన్నదాన్ని పదేళ్లుగా రాసిందంటే, పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బు అన్న అనుమానంతో టీపీఏ క్లెయిమును ఆపేస్తుంది. ఆ భారం చివరికి ఓ కౌలు రైతు కుటుంబం మీద పడవచ్చు. అందుకే వ్యవధులు, మోతాదులు, కుడి ఎడమలు ఉన్న ప్రతి వాక్యాన్నీ డాక్టరే స్వయంగా చదివి సంతకం చేయాలి.

జబ్బులను గుర్తించే అంతర్జాతీయ సంకేతాలైన ఐసీడీ-10 కోడ్‌ల విషయంలోనూ ఇంతే. సమ్మరీలో ‘జ్వరం’ అని మాత్రమే ఉంటే యంత్రం జ్వరానికి ఉన్న కోడ్‌నే ఇస్తుంది. పరీక్షలో డెంగీ తేలిందన్న మాట సమ్మరీలోకి ఎక్కించవలసింది డాక్టరే. ఎక్కువ సొమ్ము వచ్చే కోడ్‌ను సూచించమని యంత్రాన్ని అడగటం మోసానికి దారితీస్తుంది కనుక, ఆ ప్రశ్నే వేయవద్దు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం బీమా కంపెనీ నగదు రహిత చికిత్సకు ముందస్తు అనుమతిపై గంటలోగా, డిశ్చార్జ్ నాటి తుది అనుమతిపై మూడు గంటల్లోగా నిర్ణయం చెప్పాలి. మన కాగితాల్లో లోపాలుంటే మాత్రం క్వెరీలతోనే పొద్దు గడిచిపోతుంది. కాబట్టి సరిచూసే పనిని డిశ్చార్జ్ రోజు ఉదయానికి కాక ముందు రోజు సాయంత్రానికే పెట్టుకోండి. పంపిన ప్రతి క్లెయిముకూ యంత్రం చూపిన తప్పులను, తరువాత టీపీఏ అడిగిన క్వెరీలను ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయించండి. యంత్రం వదిలేసి టీపీఏ పట్టుకున్న లోపం ఏదైనా కనిపిస్తే, దాన్ని ఆ వారమే మీ ఆదేశంలో మరో వాక్యంగా చేర్చండి.