కుట్టుమిషన్ చక్రం బిగుసుకుపోతే

మిషన్ పక్కన చేత్తో తిప్పే చక్రం మొరాయించినప్పుడు బలం పెట్టి తిప్పకండి. లోపల దారం ఇరుక్కుని ఉంటే ఆ ఒక్క విసురుకే షటిల్ (బాబిన్ కేసు చుట్టూ ఆడుతూ పైదారాన్ని పట్టే కొక్కెం) మొన విరగొచ్చు. కరెంటు మిషన్ అయితే ముందు ప్లగ్ తీసేయండి. సూది, పైదారం, బాబిన్ కేసు తీసి పక్కన పెట్టి, గుడ్డని నొక్కి పట్టే పాదం పైకెత్తి ఉంచండి.

బెల్టు తప్పించి చక్రాన్ని మెల్లగా మీ వైపుకి తిప్పి చూడండి. సులువుగా తిరిగిందంటే తప్పు మిషన్ తలలో లేదు. బెల్టు మరీ బిగువై ఉండాలి, లేదా మోటారో, తొక్కుడు మిషన్ అయితే కింది ఇరుసో పట్టేసి ఉండాలి. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు లోపలికి పోవాలి.

బెల్టు తీసినా బరువు తగ్గలేదా? బిగువు ఎలాంటిదో చేతికే తెలుస్తుంది, సగం పని అక్కడే అయిపోతుంది. ప్రతి చుట్టులో ఒకే చోట టక్కున ఆగుతుంటే ఏదో అడ్డుపడింది: దారం ముక్కో, విరిగిన సూది మొనో. చుట్టంతా ఒకే తీరున, బంకలో తిప్పుతున్నట్టు ఉంటే పాత నూనె గట్టిపడింది.

ఇంకో పరీక్ష ఉంది. చక్రం మధ్యలో, బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసే గుండ్రటి నాబ్ ఉంటుంది కదా, చక్రాన్ని కదలకుండా పట్టుకుని దాన్ని మీ వైపుకి తిప్పి వదులు చేయండి. ఇప్పుడు చక్రం ఒక్కటే తిరగాలి. తిరగకపోతే రోగం చక్రం వెనకే ఉంది. బాబిన్ చుట్టేటప్పుడు జారిన దారం ఆ సందులో పడి ఇరుసుకి చుట్టుకుంటుంది, బయటికి కనబడదు. నాబ్ మీది చిన్న స్క్రూ వదులు చేసి నాబ్, వాషర్, చక్రం వరసగా తీయండి. వాషర్ ఏ ముఖం బయటికి ఉందో తీసే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దారాన్ని బ్లేడుతో కోసి చిమటాతో లాగేయండి, ఇరుసు తుడిచి ఒక చుక్క నూనె వేయండి. తిరిగి బిగించాక నాబ్ వదులు చేసినా సూది కదులుతుంటే వాషర్ తిరగబడినట్టే. దాన్ని అరచుట్టు తిప్పి పెట్టి చూడండి.

నాబ్ వదులుగా ఉన్నప్పుడు బాగా తిరిగి, బిగించగానే పట్టేస్తే మొదట అనుమానించాల్సింది షటిల్‌నే. సూదికడ్డీ బాగా పైకి వచ్చేలా చక్రం తిప్పండి. తిరగనంటే ముందుకీ వెనక్కీ అంగుళం అంగుళం కదిలించండి, ఇరుక్కున్న దారం చాలాసార్లు అలాగే వదులుతుంది. షటిల్‌కి రెండు పక్కల ఉన్న చిన్న మీటల్ని బయటికి తిప్పితే దాన్ని పట్టి ఉంచే మూతరింగు ఊడి వస్తుంది. షటిల్‌ని మధ్య పుల్ల పట్టుకుని తీయండి. షటిల్ తిరిగే గాడిలో గోరు పట్టనంత సన్నటి దారపు పీచు ఒక్కటి ఉన్నా చాలు, చక్రం ఆగిపోతుంది. కాబట్టి టార్చి వేసి చూస్తూ బ్రష్‌తో తుడవండి. సూదిప్లేటు కూడా విప్పి, గుడ్డని జరిపే పళ్ళ మధ్య గట్టిగా పేరుకున్న నూలు పొడిని గీకి తీయండి. గాడికి ఒక్క చుక్క నూనె చాలు. షటిల్ పెట్టేటప్పుడు దాన్ని తిప్పే అర్ధచంద్రం ఆకారపు ముక్క ఎడమవైపున ఉండాలి, రెండూ కలిసి నిండు వలయం కావాలి. అది కుదరకుండా మూతరింగు బిగిస్తే చక్రం మళ్ళీ పట్టేస్తుంది.

గట్టిపడిన నూనె సంగతి వేరు, దానికి ఓపిక కావాలి. వంటనూనె, తలనూనె వేస్తే కొన్ని నెలలకి పసుపు బంకగా మారతాయి. ఇనుప మిషన్ అయితే నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి, చేత్తో యాభై అరవై చుట్లు తిప్పి, రాత్రంతా వదిలేయండి. పొద్దున గోధుమరంగు మడ్డి కారుతుంది, తుడిచేయండి. ఒకసారితో పోకపోతే మళ్ళీ వేయాలి. మంటకి దూరంగా, గాలి ఆడే చోట చేయండి. కిరోసిన్ ఆరేదాకా మోటారు నడపొద్దు. కిరోసిన్‌కి జారుడు గుణం తక్కువ కనుక చివర్లో ప్రతి రంధ్రంలో ఒక చుక్క మిషన్ ఆయిల్ తప్పనిసరి. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలున్న మిషన్లకి కిరోసిన్ వాడొద్దు. వాటికి దుమ్ము తీసి, మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన చోటే నూనె వేయండి.

బెల్టు ఎక్కించాక పాత గుడ్డ మీద కుట్టండి, నూనె మరకలు ఆగేదాకా.