చలికాలంలో కనూ వేసుకుని వెళ్లి నది ఒడ్డున గుడారంలో బస చేయడం ఎలా?

డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు నుంచి కనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ప్రయాణానికి వెళ్లాలనుకునే మిత్రబృందాలు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. మన ప్రాంతంలో మనిషిని కుంగదీసేది ఒట్టి చలి కాదు, తడితో కలిసిన చలి. బెంగళూరులో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి నాటి 7.8 డిగ్రీలు, మామూలు శీతాకాలపు రాత్రుల్లో అది 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే ‘ఈమాత్రం చలికి ఏమవుతుందిలే’ అంటూ స్వెట్టరైనా లేకుండా బయల్దేరేవారు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు ఉంటారు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిబట్టలతో ఎదురుగాలిలో గంటసేపు తెడ్డు వేసినవారికి లైఫ్ జాకెట్ బకిల్ ఊడదీయడానికి కూడా వేళ్లు సహకరించవు.

మొదటి పని చోటు ఎంచుకోవడం. బెంగళూరువాళ్లకు వెంటనే గుర్తొచ్చేది భీమేశ్వరి దగ్గరి కావేరి. అది అభయారణ్యం, నీళ్లలో మొసళ్లు, ఒడ్డున ఏనుగులు తిరిగే ఆ చోట సొంతంగా పడవ దింపి ఇసుకలో గుడారం వేసుకునే ఆలోచన మానుకోవాలి. దండేలి వైపు కాళీ నదిలో ఎగువన ఉన్న సూపా ఆనకట్ట నుంచి నీరు వదిలినప్పుడు ప్రవాహం పెరుగుతుంది కనుక, అది అనుభవజ్ఞుల వెంట వెళ్లవలసిన నది. కొత్తవారికి అనువైనది శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని హొన్నెమరడు. శరావతి నదిపై 1964లో కట్టిన లింగనమక్కి ఆనకట్ట వెనుక నిలిచిన ఆ నీటిలో దీవులున్నాయి, లాగేసే ప్రవాహం లేదు. బెంగళూరులో రాత్రి రైలెక్కితే ఉదయానికి తాళగుప్ప చేరవచ్చు, అక్కడి నుంచి దగ్గరే. కనూలు, లైఫ్ జాకెట్లు, దీవిలో బసకు అనుమతి, ఈ మూడింటి సంగతీ నిర్వాహకులతో ముందే మాట్లాడి ఖాయం చేసుకున్నాకే టిక్కెట్లు కొనాలి.

తరువాత సామాను. జీన్సు, నూలు టీషర్టు ఇంట్లోనే వదిలేయండి. నూలు నీటిని పీల్చుకుని ఒక పట్టాన ఆరదు. పగలు ఒంటికి ఆనుకుని పాలిస్టర్ బనీను, పైన ఉన్ని లేదా ఫ్లీసు, అన్నిటికీ పైన గాలి చొరని పల్చని జాకెట్ వేసుకుంటే చాలు. మంకీ క్యాప్‌ను చూసి ఎవరు నవ్వినా సరే, దాన్ని మరచిపోవద్దు. వీటన్నిటికంటే ముఖ్యమైనది రాత్రి కోసం దాచే ఒక జత: థర్మల్స్ (వెచ్చని లోదుస్తులు), మేజోళ్లు, టోపీ. ఈ జతను నీరు చొరని డ్రై బ్యాగ్‌లో పెట్టి, లోపలి గాలి వెళ్లగొట్టి, మూతిని మూడుసార్లు మడిచి క్లిప్పు వేయాలి. డ్రై బ్యాగ్ లేకపోతే మందపాటి పాలిథిన్ సంచులు రెండు ఒకదానిలో ఒకటి పెట్టి, మూతిని మెలిపెట్టి, వెనక్కి మడిచి, దారంతో బిగించినా పనిచేస్తుంది. గుడారంలోకి చేరేదాకా ఎంత చలేసినా ఆ సంచి విప్పకూడదన్నది బృందమంతా పాటించవలసిన నియమం.

నీటిలోకి దిగేముందు లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించుకుని, పక్కవారిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా జారిందంటే అది వదులుగా ఉన్నట్టే. బరువైన సామాను కనూ నడుమ, అడుగున సర్దాలి. ముందు కూర్చున్నవారు లయ తప్పకుండా తెడ్డు వేస్తుంటే, వెనుకవారు వేగంతోపాటు దిశనూ చూసుకుంటారు, కాబట్టి కాస్త అలవాటున్నవారిని వెనుక కూర్చోబెట్టండి. మొదటి మధ్యాహ్నం ఎండ ఉండగానే ఒడ్డు దగ్గర ఒకసారి కావాలనే కనూను బోల్తా కొట్టించి, తిరిగి ఎలా చేరుకోవాలో నేర్చుకోవడం మంచిది. బోల్తా పడ్డ కనూ సాధారణంగా తేలుతూనే ఉంటుంది. దాన్ని వదిలి ఈదుకుంటూ వెళ్లేవారికే ఎక్కువ ప్రమాదం. పారే నదిలో అయితే పడవకు ఎగువ వైపు ఉండి పట్టుకోవాలి, లేకుంటే పడవకూ బండకూ మధ్య నలిగిపోతారు.

దీవికి ఉదయమే బయల్దేరండి. విశాలమైన నీటి మీద మధ్యాహ్నానికి గాలి లేచి అలలు పెరుగుతాయి. అప్పుడు సీటు మీద కాక మోకాళ్ల మీద కూర్చుంటే కనూ నిలకడగా ఉంటుంది. దారి కాస్త పొడుగైనా ఒడ్డు వెంబడే పోవాలి, బృందంలోని కనూలన్నీ పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. నీరు తగ్గినచోట మునిగిన చెట్ల మోళ్లు పడవ అడుగును తాకుతాయి కనుక ముందున్నవారు నీటిని చూస్తూ ఉండాలి.

నాలుగు గంటలకల్లా బసకు చేరాలి. చల్లగాలి పల్లంలోకి దిగుతుంది కాబట్టి నీటి అంచును వదిలి, కాస్త మెరక మీద, చెట్ల చాటున గుడారం వేయండి. చలి అని కిటికీలన్నీ మూసేస్తే తెల్లారేసరికి మన ఊపిరే లోపల మంచులా పట్టి పక్కను తడిపేస్తుంది; పైభాగంలో కొంత తెరిచి ఉంచాలి. కింద ఫోమ్ చాప లేకుండా పైన రెండు రగ్గులు కప్పుకున్నా లాభం లేదు, ఎందుకంటే నేల వేడిని లాగేస్తూనే ఉంటుంది. నిద్రకు ముందు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడులో దూర్చి పాదాల దగ్గర పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

వంటకు ఇంట్లోనే సగం పని ముగించుకోండి. నేతిలో రవ్వ దోరగా వేయించి, తాలింపు, ఉప్పు, జీడిపప్పు కలిపి పొడి సంచిలో పెట్టుకుంటే అక్కడ ఒక గ్లాసుకు మూడు గ్లాసుల మరుగునీళ్లు పోయడమే తరువాయి. మొదటి పూటకు పులిహోర, దారిలో నమలడానికి వేరుశనగ చిక్కీ, నువ్వుండలు, సాయంత్రానికి అల్లం టీ ఉంటే ఒంటికి కావలసిన వేడి అందుతుంది. గ్యాస్ డబ్బాలను రైల్లో తీసుకెళ్లడం నిషేధం, పొయ్యి అక్కడే ఏర్పాటు చేసుకోవాలి. దాన్ని గుడారంలో ఎన్నడూ వెలిగించవద్దు, కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి మందే మందు అనేవారి మాట వినకండి. మద్యం చర్మం వైపు రక్తాన్ని మళ్లించి వెచ్చగా అనిపింపజేస్తూనే లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, చేతిలో వస్తువు జారవిడుస్తున్నా వెంటనే తడిబట్టలు మార్పించి, రగ్గుల్లో చుట్టి, స్పృహ బాగా ఉంటే తీపి వేడి పానీయం ఇవ్వాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. వణుకు ఆగి మగతగా ఉన్నారంటే తేరుకున్నారని కాదు, పరిస్థితి విషమించిందని అర్థం. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. అందుకే బయల్దేరేముందే ఒడ్డున ఉన్న నిర్వాహకులకూ, ఇంట్లో ఒకరికీ తిరిగొచ్చే సమయం చెప్పి, ఫోన్లను ఛార్జ్ చేసి డ్రై బ్యాగ్‌లో ఉంచుకోవాలి.

తిరిగొచ్చాక గుడారాన్ని అలాగే మడిచి అటక మీద పడేస్తే వారంలో బూజు పడుతుంది. ఆ సాయంత్రమే బాల్కనీలో ఆరేసి, కుట్ల దగ్గర తడి లేదని చేత్తో తడిమి చూసుకున్నాకే సంచిలో పెట్టండి.